ఆకాశం చూడని మనిషి

ఆ రోజు సరస్సు ఒడ్డున ఉన్నవాళ్ళంతా దాన్ని చూశారు. టీ కొట్టతను చూశాడు, పడవలవాళ్ళు చూశారు, తడిబట్టలు పిండుకుంటున్న ఆడవాళ్ళు చూశారు. ఇసుకలో బోర్లా పడుకుని కునుకు తీస్తున్నవాళ్ళు కూడా పక్కవాళ్ళు తట్టి లేపితే లేచి చూశారు. చూడనిది ఒక్క మనిషి. అతను అందరికంటే ఎత్తైన కుర్చీలో కూర్చునేవాడు కావడంతోనే గొడవంతా వచ్చింది.

అతను ఆ సరస్సుకి లైఫ్‌గార్డ్. అందరూ కొంగ అంటారు. పొడుగ్గా సన్నగా ఉంటాడని కాదు. మనిషి పొట్టి, కాస్త బొజ్జ కూడా ఉంది. నీళ్ళవైపు చూస్తూ కదలకుండా ఉంటాడని ఆ పేరు పెట్టారు. పిల్లలకి కొంగ మామయ్య, పడవలవాళ్ళకి కొంగన్న. ఆ పేరుతో పిలిస్తే అతనేమీ అనుకోడు. కొంగ చేపల కోసం చూస్తుంది, నేను చేపలు కానివాళ్ళ కోసం చూస్తాను, అంతే తేడా అంటాడు.

నేను పట్నంలో ఒక సైన్స్ కేంద్రంలో పనిచేస్తాను. బడిపిల్లలకి టెలిస్కోపులో చంద్రుణ్ణి చూపించడం, అయస్కాంతాలతో ఆడించడం మా పని. ఆకాశంలో కనిపించిందేమిటో తేల్చిపెట్టమని సరస్సు యాజమాన్యం మా కేంద్రాన్ని అడిగింది. సెలవులకి వచ్చినవాళ్ళలో సగం మంది భయపడి గదులు ఖాళీ చేస్తున్నారు, మిగతా సగం దాన్ని మళ్ళీ చూద్దామని ఇంకో రోజు ఉంటామంటున్నారు. మా వాళ్ళు నన్ను పంపారు. అప్పుడప్పుడే నడక నేర్చిన పాపని వదిలే చోటు లేక చంకనేసుకుని బయల్దేరాను. నీళ్ళున్న చోటికి పిల్లతో వెళ్తున్నానని దారిపొడుగునా నాకు ఒకటే గుబులు.

చూసినవాళ్ళని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాను. వెండిలా మెరిసిందని అందరూ అన్నారు. ఆ తర్వాత ఎవరి మాట వాళ్ళదే. ఒకరికి పెద్ద చేపలా కనిపించింది, ఒకరికి మెలికలు తిరిగే పాములా, ఒక పెద్దాయనకి బోర్లించిన పళ్ళెంలా. సరస్సు నడుమ కాసేపు నిలబడి, మెల్లగా పైకి లేచి, కొండ వెనక్కి వెళ్ళిపోయిందట. ఇంజను చప్పుడు లేదు. అయితే ఇంకో విషయంలో కూడా ఎవరికీ భేదం లేదు. అది ఈల వేసింది. పొట్టిగా, పొట్టిగా, తర్వాత పొడుగ్గా. ఆగి మళ్ళీ అలాగే. ఎవరినో పిలుస్తున్నట్టు ఉందని ఒకామె చెబుతుంటే ఆమె చేతిమీద రోమాలు నిక్కబొడుచుకోవడం నా కళ్ళతో చూశాను. అబద్ధం చెప్పేవాళ్ళకి రోమాలు లేవవు.

మెరుపు సంగతి తొందరగానే తేలింది. అవతలి ఒడ్డున పుచ్చతోటలున్నాయి. మొక్కల మొదట్లో తేమ ఆరిపోకుండా, కలుపు మొలవకుండా నేలమీద పలచటి ప్లాస్టిక్ పరుస్తారు. మల్చింగ్ షీటు అంటారు, పైవైపు వెండిరంగు. అక్కడి రైతు ఒకాయన, ఆ మధ్యాహ్నం సుడిగాలి వచ్చి బారెడు బారెడు షీటు పెరికి ఎత్తుకుపోయిందని, దాని డబ్బులు మీ ఆఫీసు ఇస్తుందా అని నన్నే అడిగాడు. వేడిగాలి మీద లేచిన షీటు నీళ్ళపైకి వచ్చి మెలికలు తిరుగుతుంటే దూరానికి చేపా అవుతుంది, పామూ అవుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ప్లాస్టిక్ షీటు ఈల వెయ్యదు. పటపటలాడుతుంది, అంతే. అక్కడ నా లెక్క తెగలేదు.

ఇంతలో సరస్సు సూపర్‌వైజర్ నన్ను తన గదికి పిలిచాడు. చెడ్డవాడు కాదు. బల్లమీద మూడు ఫోన్లు, మూడూ మోగుతుంటే దేన్నీ ఎత్తలేక చూస్తూ కూర్చున్న మనిషి. నా పరిశోధనతో పాటు ఇంకొకటి కూడా తేలిపోతే బాగుండునన్నాడు. లైఫ్‌గార్డ్ ఆ వస్తువుని చూడలేదని అంటున్నాడట. ఒడ్డున ఉన్న గుడ్డి కుక్క కూడా తలెత్తిందే, ఎత్తు కుర్చీలో ఉన్నవాడు చూడకపోవడమేమిటని యజమానులు అడుగుతున్నారట.

"చూశానంటే నీళ్ళమీంచి చూపు తిప్పినట్టు. చూడలేదంటే నిద్రపోయినట్టు," అన్నాడు. "ఏదన్నా పనిలోంచి తీసెయ్యాల్సిందే మేడమ్. పైగా ఇది చూడండి."

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఒకాయన సెలవులకి వచ్చి ఆ రోజు తీసిన వీడియో అది. అన్నింటికంటే బాగా వచ్చిందని టీవీలో కూడా చూపించారు. కింద ఏదో భయంకరమైన సంగీతం జోడించారు. ఆకాశమంతా అయిపోయాక, ఫోన్ దించుతున్నప్పుడు రెప్పపాటు సేపు ఒడ్డు కనిపిస్తుంది. ఎత్తు కుర్చీ, దాని చేతిమీద తువ్వాలు. మనిషి లేడు. నీళ్ళలోకి దిగానంటున్నాడు, ఎవరికోసమంటే ఎవరో పిల్ల అంటున్నాడు, ఆ పిల్ల తరఫున ఒక్కరూ వచ్చి మా పిల్ల మునిగిందనలేదు అన్నాడు సూపర్‌వైజర్. విజిల్ ఊదానన్నాడట. లైఫ్‌గార్డ్ విజిల్ విన్నామని చెప్పినవాళ్ళు కూడా ఒక్కరూ లేరు. వేరే మనిషి దొరికేదాకా కుర్చీలో అతన్నే ఉంచారు. వారం తిరగకుండా ఆ మనిషి వస్తాడు.

కొంగన్న భార్య ఒడ్డున రేకుల షెడ్డులో ఈతట్యూబులు అద్దెకిస్తుంది. నేను వెళ్ళేసరికి ఒక ట్యూబుని నీళ్ళతొట్టిలో ముంచి బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో వెతుకుతోంది. నన్ను చెల్లీ అని పిలిచి, పాపకి గాలి తీసిన చిన్న ట్యూబు పరిచి కూర్చోబెట్టి, చేతిపని ఆపకుండానే మొగుడి కథంతా చెప్పింది.

అతనిది మొదట రోడ్డుమీద పంక్చర్ దుకాణం. లారీ ట్యూబులకి అతుకులు వేస్తే సెలవులకి వచ్చినవాళ్ళు వాటిని కొనుక్కుని సరస్సులోకి పట్టుకెళ్ళేవాళ్ళు. తన ట్యూబులు నీళ్ళలో ఎలా ఆగుతున్నాయో చూద్దామని ఒకనాడు ఒడ్డుకి వచ్చాడు. ట్యూబుల్ని చూస్తూ చూస్తూ, ట్యూబు లేని ఒక కుర్రాడు మెడదాకా నీళ్ళలో నోరు తెరుచుకుని నిలబడి ఉండటం చూశాడు. చుట్టూ అందరూ నవ్వుకుంటున్నారు, ఆ కుర్రాడూ ఆడుకుంటున్నాడనే అనుకున్నారు. ఇతను చెప్పులతోనే దూకి లాక్కొచ్చాడు. ఆ తర్వాత పంక్చర్ దుకాణంలో మనసు నిలవలేదు. తర్ఫీదు తీసుకుని కుర్చీ ఎక్కాడు, దుకాణంలో మిగిలిన ట్యూబులు ఆవిడ పాలికొచ్చాయి.

"ఇంట్లో పదిసార్లు పిలిస్తే పలకడు చెల్లీ. నీళ్ళలో ఎవరైనా తుమ్మితే లేచి నిలబడతాడు," అంది. బకెట్టులో నీళ్ళు మిగిలితే బోర్లించనిదే పడుకోడట. డ్రమ్ముకి మూత, మూతమీద రాయి. చుట్టాలింటికి వెళ్ళినా ముందు వాళ్ళ దొడ్లోకి వెళ్ళి తొట్టి చూసొస్తాడట. పెళ్ళైన కొత్తలో, ఈయన నా మొహం ఎప్పుడు చూస్తాడా అని గిన్నెలో నీళ్ళుపోసి ముందు పెట్టుకుని కూర్చున్నానని చెప్పి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. కూతురు హైస్కూల్లో చదువుతోంది. తరగతిలో పిల్లలు రోజూ పొద్దున్నే మీ నాన్న లేచాడా అని అడుగుతున్నారట. ఆ పిల్ల బడికి పోనని మంచానికి అతుక్కుపోయింది.

"నిద్రపోయానని ఒప్పుకోమన్నాను. జ్వరం వచ్చిందని చెప్దాం, బతిమాలుదాం అన్నాను. వినడు. పచ్చగౌను పిల్ల, పచ్చగౌను పిల్ల అని ఒకటే పాట. ఊరినిండా పచ్చగౌన్లే, ఎక్కడని వెతకను?" అని ట్యూబుని మళ్ళీ నీళ్ళలో ముంచింది.

నేను కుర్చీ దగ్గరికి వెళ్ళి కింద నిలబడి పలకరించాను. అతను నావైపు చూడలేదు. నాకు కాస్త కోపం వచ్చిందని దాచను. తర్వాత అర్థమైంది, డబ్బా తెరిచి తింటున్నా అంతేనట, భార్య ముద్ద చేతికి అందిస్తే చూడకుండానే నోట్లో పెట్టుకుంటాడట.

"పాపని ఎడంపక్క నిలబెట్టండమ్మా. అక్కడైతే నాకూ కనిపిస్తుంది," అన్నాడు నీళ్ళకేసే చూస్తూ.

ఆ ఒక్క మాటకి ఆ ఊరొచ్చాక మొదటిసారి బిగిసి ఉన్న నా భుజాలు సడలాయి. పాపని ఇసుకలో వదిలాను. ఆ రోజు ఏం చూశారని అడిగాను.

"గడ్డాలు," అన్నాడు. "ఒక్కసారిగా అందరి గడ్డాలూ కనిపించాయి. పైనేదో ఉందని తెలిసింది. నేనూ చూద్దామనుకున్నాను, ఎందుకు అనుకోను. కానీ నీళ్ళలో నిలబడి పైకి చూసేవాళ్ళ కాళ్ళు వాళ్ళ మాట వినవమ్మా. వాటంతటవే వెనక్కి జరుగుతాయి. ఇక్కడ వెనక్కి అంటే లోతు."

ఒడ్డుకి రమ్మని విజిల్ ఊదాడు. మళ్ళీ ఊదాడు. ఒక్క తల కూడా తిరగలేదు. అందరూ లోపలికి జరుగుతున్నారు, పెద్దవాళ్ళకి నడుము దాటింది, ఆ పక్కనే పచ్చగౌను పిల్లకి గడ్డం దాటింది. ఆ పిల్ల అరవలేదు. మునిగేవాళ్ళు అరవరు, అరిచే తీరిక ఉండదు అన్నాడు. ఊదుకుంటూనే దిగి పరుగెత్తాడు. నీళ్ళలోకి వెళ్ళేసరికి జుట్టు మాత్రం కనిపిస్తోంది. ఎత్తి భుజాన వేసుకుంటే దగ్గింది, ఊపిరి అందింది. ఎవరి పిల్లవే అంటే ఫోన్ పైకెత్తి పట్టుకుని నిలబడ్డ ఒకాయన్ని చూపించింది. ఆయన రెండో చెయ్యి ఖాళీగా వేలాడుతోంది.

"పిల్ల చెయ్యి అందులో పెట్టాను. పట్టుకున్నాడు. కిందికి మాత్రం చూళ్ళేదు."

ఆయనకి చెప్పడానికి వీల్లేకపోయింది. ఇంకా చాలామంది వెనక్కి జరుగుతూనే ఉన్నారు, ఒక్కొక్కరినీ భుజం పట్టి ఒడ్డుకి తిప్పుతూ పోయాడు. తిరిగొచ్చి చూస్తే పిల్లా లేదు, తండ్రీ లేడు.

ఇద్దరు కుర్రాళ్ళు లోతుకి హద్దుగా కట్టిన తేలే బంతుల తాడు దాటి అవతలికి వెళ్ళబోయింది అప్పుడే. కొంగన్న విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. పొట్టిగా, పొట్టిగా, తర్వాత పొడుగ్గా. ఇసుకలో ఆడుకుంటున్న నా పాప ఉలిక్కిపడి తలెత్తి చూసింది. ఎటు చూసిందనుకున్నారు? ఆకాశంలోకి. ఎత్తు కుర్చీలోంచి వచ్చే చప్పుడు కిందున్నవాళ్ళకి పైనుంచే వస్తుంది. అక్కడ మెరిసేదేదైనా కనిపిస్తుంటే చెవి ఆ చప్పుడుని దానికే అంటగడుతుంది. బొమ్మ నోరాడిస్తే గొంతు బొమ్మదే అనిపించినట్టు.

కళ్ళజోళ్ళాయన టీవీకి ఇవ్వకముందు తీసిన అసలు వీడియో, సంగీతం కలపనిది, ఆయన్ని అడిగి తెప్పించుకున్నాను, నా ఫోన్లో ఉంది. పెట్టి, ఫోన్ పైకెత్తి అతని చెవి దగ్గర పట్టుకున్నాను. ఈల వినిపించింది. అతని చూపు నీళ్ళమీంచి కదల్లేదు, చెయ్యి మాత్రం మెడలోని విజిల్ దగ్గరికి వెళ్ళింది. తన ఊపిరిని తనే వింటున్నాడు. ఈల దగ్గరవుతూ వచ్చింది, ఫోన్ పక్కనుంచే దాటింది, ఆగిపోయింది. నీళ్ళు చెదిరిన చప్పుడు. ఆ పైన చాలాసేపు జనం మాటలే. చివర్లో చిన్న దగ్గు. రెండుసార్లు. వెంటనే మగగొంతు, సంతోషంగా, "చూడు తల్లీ, పైకి చూడు" అంది.

"ఆపెయ్యండమ్మా," అన్నాడు కొంగన్న.

వీడియో తీసినాయనే ఆ తండ్రి. ఆయనకి ఒక్క ఫోన్ చేస్తే చాలు, మీ కుర్చీకి ఢోకా ఉండదన్నాను. అతను కుర్రాళ్ళు తాడు ఇవతలికి వచ్చేదాకా ఆగి అన్నాడు: "వద్దు. ఇప్పుడు రాత్రిళ్ళు నిద్రలేనిది నాకొక్కడికే. ఆయనకెందుకు?"

ఈల మాత్రమే వినిపిస్తే సరిపోతుందేమోనని సూపర్‌వైజర్ దగ్గరికి పరుగెత్తాను. విన్నాడు. ఆకాశంలో అరిచింది మా వాడా అని ఆశ్చర్యపోయాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. ఊదాడు సరే, ఆ తర్వాత కుర్చీ ఖాళీ. అందరిలాగే భయపడి పారిపోయాడంటారు. పిల్లని చూపించండి, లేదా పిల్ల తండ్రిని చూపించండి అన్నాడు. పేరు చెప్పడానికి నోరు రాక లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం లాడ్జి గదిలో పాపకి స్నానం చేయించాను. చీలమండ మునగని నీళ్ళు, అయినా నా చెయ్యి దాని వీపుమీంచి తియ్యలేదు. కొంగన్న ఆ తండ్రి నిద్ర కాపాడుతున్నాడు. మరి అతని కూతురు మంచానికి అతుక్కుని పడి ఉంది. ఆ తండ్రి స్థానంలో నేనుంటే నాకు తెలియాలని కోరుకుంటానా? కోరుకోను, తెలియకపోవడమే హాయి. కానీ తెలియకపోతే, మళ్ళీ సెలవులకి అదే పిల్లని అదే నీళ్ళలోకి తీసుకెళ్తాను, అలాగే రెండో చెయ్యి వదిలేస్తాను. పాపని తుడిచి, ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోళ్ళాయనకి ఫోన్ చేశాను.

ఆయన ఉత్సాహంగా పలికాడు. ఏం తేలిందండీ, వేరే లోకమేనా అన్నాడు. ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, మీ వీడియో చివరిదాకా వినమన్నాను. చూడొద్దు, వినండి అన్నాను. ఏం వినాలో చెప్పలేదు. కాసేపట్లో మళ్ళీ ఆయనే చేశాడు.

"ఆ రోజు పాప గౌను తల దగ్గర్నుంచీ తడిసి ఉందండీ," అన్నాడు. "ఒడ్డున ఆడుకుని తడుపుకుందని కోప్పడ్డాను. ఒకటి వేశాను కూడా."

పచ్చగౌనా అని అడిగాను. అవునన్నాడు. ఎంత లోతుకి వెళ్ళిందని అడిగాడు. నేను చూడలేదు, చూసినతను వేరే ఉన్నాడని చెప్పాను.

మర్నాడు దుకాణం మూసి వచ్చాడు. ఒంటరిగా వచ్చాడు, పిల్లని తేలేదు. సూపర్‌వైజర్ గదిలో నిలబడే మాట్లాడాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. అక్కడితో ఆ కేసు ముగిసింది. కొత్త మనిషిని రావద్దని సూపర్‌వైజర్ మూడు ఫోన్లలో ఒకటెత్తి చెప్పాడు.

కళ్ళజోళ్ళాయన కుర్చీ కిందికి వెళ్ళి చేతులు జోడించాడు. కొంగన్న ఆయనకేసి చూడలేదు. అది అతని అలవాటని ఆయనకి తెలియదు కదా, మొహం చూడటానికి కూడా ఇష్టపడలేదనుకుని తల వంచుకుని ట్యూబుల షెడ్డులోకి వచ్చాడు. కొంగన్న భార్య నీళ్ళిచ్చింది. ఈయన అందరితోనూ ఇంతే, నా మొహం చూసి కూడా చాలా ఏళ్ళయింది అని సర్దిచెప్పబోయింది. ఆయన నవ్వలేదు. తన పిల్ల ఇంట్లో తలమీద నీళ్ళు పోస్తే కేకలు పెడుతోందని, మొండితనమనుకుని ఇన్నాళ్ళూ బలవంతంగా పోస్తున్నామని చెప్పాడు. ఆవిడ ఖాళీ గ్లాసు అందుకుని పక్కన పెట్టింది.

ఆ మర్నాడు, ఊరు విడిచి వెళ్ళేముందు కొంగన్న దగ్గరికి వెళ్ళాను. కుర్చీ దక్కిందన్న సంతోషం అతని మొహంలో నాకు కనిపించలేదు.

"చెప్పొద్దన్నాను కదమ్మా," అన్నాడు.

"మీ అమ్మాయి బడికి వెళ్ళిందట ఇవాళ," అన్నాను.

దానికి తలూపాడు. కొంతసేపటికి, అతని మనసులో నలుగుతున్నది బయటికి వచ్చింది. విజిల్ మార్చమని ఆఫీసులో అడగాలట. ఇన్నాళ్ళూ దాన్ని నమ్ముకునే అంత ఎత్తున కూర్చున్నాడు. ఊరంతా విన్నారు కదా దాన్ని, బాగానే వినిపించింది కదా అన్నాను. వినిపించింది, అయినా ఒక్కరూ తిరగలేదు, అదేనమ్మా నా భయం అన్నాడు.

నా నివేదిక ఎవరికీ నచ్చలేదు. పుచ్చతోటలో షీటు కోసం ఎవరు సెలవు పెట్టుకుని వస్తారు? ఈల సంగతి కూడా రాశాను. అయినా టీ కొట్టు దగ్గర కబుర్లలో అప్పటికే రెండు రకాల ఈలలున్నాయి, కొంగన్నది ఒకటి, అసలుది ఒకటి.

బస్సుకోసం సామాను సర్దుకుని ఒడ్డువెంట నడుస్తుంటే నీళ్ళలోంచి ఎవరో అదిగో మళ్ళీ అని అరిచారు. వేళ్ళు పైకి లేచాయి, ఫోన్లు లేచాయి, గడ్డాలు లేచాయి. ఎండకి అంచు మెరుస్తున్న చిన్న మబ్బుతునక. కొంగన్న లేచి నిలబడి ఊదాడు. పొట్టిగా, పొట్టిగా, పొడుగ్గా.

ఈసారి ఒక్క తల తిరిగింది. ఇంటికి వెళ్ళే ధైర్యం చాలక రాత్రి అక్కడే ఉండిపోయి, పొద్దుటినుంచీ నీళ్ళ అంచున నిలబడి ఉన్న కళ్ళజోళ్ళాయన తల. ప్యాంటుతోనే, బూట్లతోనే నీళ్ళలోకి నడిచాడు. ఎవరి పిల్లలో తెలియని ఇద్దరిని చెరో చేత్తో పట్టుకుని ఒడ్డుకి తీసుకొస్తున్నాడు. వాళ్ళ తల్లి పక్కనే ఉంది. పైకి చూస్తోంది.